మొదటి జమ్మి ఎవరికి

నా చిన్నప్పుడు దసరా అంటే నాకు తెలిసినవి రెండే. ఒంటి మీద కొత్త గౌను, సాయంత్రం మైదానంలో కాలే రావణాసురుడు. మిగతాదంతా పెద్దవాళ్ల తతంగం అనుకునేదాన్ని. నాకు పదేళ్లప్పటి దసరాకి మాత్రం కొత్త గౌను ఉంది గానీ రావణాసురుణ్ణి చూడలేదు. దూరం నుంచి పటాకుల చప్పుడు వింటూ, ముక్కు ఎగబీలుస్తూ, మా బాపమ్మను చెయ్యి పట్టుకుని కాలనీ అంతా తిప్పాను. బాపమ్మ అంటే మా నాయన తల్లి.

మాది గోదావరిఖని పక్కన బొగ్గు బాయి కార్మికుల కాలనీ. బాయి అంటే మా వైపు గని. తొమ్మిది లైన్లు, అన్నీ ఒకే రకం క్వార్టర్లు, ప్రతి గోడ మీదా నల్లరంగుతో నంబరు. అంతకు ముందు మాకొక ఊరు ఉండేదట. మా ఇల్లు కాక ముప్పై ఆరు ఇండ్ల ఊరు. కింద బొగ్గుందని తేలాక ఊరు ఖాళీ అయింది. బాయిలో పని దొరికినవాళ్లకు ఏది ఖాళీగా ఉంటే ఆ క్వార్టరు వచ్చింది. అలా ఒకే గోడకు అటూ ఇటూ బతికిన అన్నదమ్ములు ఒకరు రెండో లైనులో, ఒకరు తొమ్మిదో లైనులో తేలారు. అప్పటికి నాకు రెండేళ్లు. బడిలో మీ ఊరేదని అడిగితే క్వార్టరు నంబరు చెప్పేదాన్ని.

ఊరు వదిలేటప్పుడు అందరూ తలుపులు, దూలాలు, రోళ్లు బండ్లకెత్తుకుంటే మా బాపమ్మ ఒక జమ్మి మొక్కను వేళ్లతో సహా తవ్వి, గంపలో పెట్టి నెత్తినెత్తుకుందట. జనం నవ్వారు. ఆమె పట్టించుకోలేదు. మా క్వార్టరు వెనక కంచె పక్కన నాటి, నీళ్లు కరువైన ఎండాకాలంలో గిన్నెలు కడిగిన నీళ్లు పోసి బతికించింది. చెట్టు నా కంటే ఎత్తు పెరిగింది.

మా వైపు దసరా నాడు జమ్మి ఆకును బంగారమంటారు. పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కితే వాళ్లు దగ్గరికి తీసుకుని దీవిస్తారు. మా బాపమ్మ ఆ చెట్టు కొమ్మలు కోసి, జొన్న కంకులతో కలిపి కట్టలు కట్టి, పాత ఊరివాళ్ల ముప్పై ఆరు ఇండ్లకూ తానే పట్టుకెళ్లేది. ఆమె వెళ్లే వరుస చూస్తే ఎవరికైనా తిక్క పుట్టాల్సిందే. ముందు కాలనీ దాటి వాగు అవతలికి, అక్కణ్ణుంచి తొమ్మిదో లైను, మళ్లీ రెండో లైను, తిరిగి తొమ్మిదో లైను. పాత ఊరిలో ఏ ఇంటి పక్కన ఏ ఇల్లు ఉండేదో ఆ వరుసనే ఆమె కాళ్లు నడిచేవి. మా నాయన దానికి 'మా అమ్మ బస్సు రూటు' అని పేరు పెట్టాడు.

ఆ ఏడు ఆమె కళ్లకు పొరలు కమ్మాయి. వెలుగూ నీడా తప్ప మనిషి ఆనవాలు తెలిసేది కాదు. అందుకని పని నాకు అప్పజెప్పింది. ముందు రోజంతా నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని ఇల్లిల్లూ వరుసగా చెప్పింది. నేను తలూపాను. తలూపడానికి ఏం పోయింది! నా మనసంతా కొత్త గౌను కుచ్చుల మీద ఉంది.

పండుగ మధ్యాహ్నం ముప్పై ఆరు కట్టలున్న సంచి భుజాన వేసుకుని గుమ్మం దాటగానే నాకొక ఆలోచన వచ్చింది. లెక్కల్లో నేను క్లాసు ఫస్టు. ఇంత పిచ్చి తిరుగుడు ఎందుకు? ఒకటో లైను మొదటి నుంచి నంబర్ల ప్రకారం ఇచ్చుకుంటూ పోతే సగం పొద్దు మిగులుతుంది, స్నేహితురాళ్లతో ముందే మైదానానికి పోయి తాడు దగ్గర చోటు పట్టుకోవచ్చు. నా తెలివికి నేనే మురిసిపోయాను. పరుగు పరుగున ఇచ్చేశాను. తొమ్మిదో లైను చివరికొచ్చేసరికి సంచిలో ఒక కట్ట మిగిలింది. కళ్లు కనబడక బాపమ్మ ఒకటి ఎక్కువ కట్టిందిలే అనుకుని నా జడలో చెక్కుకున్నాను.

ఇంటికి రాగానే బాపమ్మ గడపలో కూర్చుని ఉంది. దగ్గరికి పిలిచి తల నిమిరింది. ఆమె వేళ్లు జడ మీదికొచ్చి ఆ జమ్మి దగ్గర ఆగాయి.

"గిదెవలిది బిడ్డా?"

"మిగిలింది బాపమ్మా. నువ్వే ఒకటి ఎక్కువ కట్టినవ్."

"నా కండ్లు పోయినయ్ గని లెక్క పోలే. ఎవలిల్లు ఇడిసినవ్?"

"ఎవల్నీ ఇడువలే. ఒకటో నంబరు కాడికెళ్లి ఆఖరి దాకా అందరికిచ్చిన."

ఆమె మెల్లగా అడిగింది. "కుమ్మరవ్వ నంబరెంత?"

కుమ్మరవ్వకు నంబరే లేదు. బాయిలో పని చేసేవాళ్లు ఆమె ఇంట్లో ఎవరూ లేరు, కనుక క్వార్టరు లేదు. వాగు అవతల మట్టి దొరికే చోట గుడిసె వేసుకుని కుండలు చేసుకుంటూ ఒంటరిగా ఉండేది. పాత ఊరి మొగదల మొదటి ఇల్లు ఆమెదే. బోనానికైనా, పెండ్లికైనా, చావుకైనా ఆమె చేసిన కుండ వస్తేనే పని మొదలయ్యేది. అందుకే మొదటి జమ్మి ఆమెకు. ముందు రోజు బాపమ్మ చెప్పిన మొట్టమొదటి మాట అదే. నేను విననిది కూడా అదే.

బాపమ్మ కొడుతుందనుకున్నాను. కొట్టలేదు, తిట్టలేదు. కొడవలి తెమ్మని, కొమ్మలు కోయించి, తడుముకుంటూ మళ్లీ కట్టలు కట్టడం మొదలుపెట్టింది. ఈ ఒక్క కట్ట ఉంది కదా, దీన్నే ఉరికి ఇచ్చొస్తానని బతిమాలాను.

"అందరికిచ్చినంక మిగిలిందా, మొదలియ్యాల్సినోళ్లకు?" అంది. అన్నీ మళ్లీ మొదటి నుంచి ఇవ్వాల్సిందేనంది. నేను ఏడుపు లంకించుకున్నాను. రావణాసురుడు కాలిపోతాడని రాగం తీశాను. ఆమె మాత్రం ముడి మీద ముడి వేస్తూనే ఉంది.

"ఆడు మల్ల ఏడు గూడ కాలుతడు. మనూరు మల్ల రాదు. లే, చెప్పులేసుకో."

ఆమె పట్టు ఉడుంపట్టు. నా చెయ్యి పట్టుకుని బయలుదేరింది. వాగులో మోకాలి కింది వరకు నీళ్లున్నాయి. రాళ్ల మీద ఆమె పాదాలు వణికినా వెనక్కి పోదామని ఒక్కసారీ అనలేదు.

కుమ్మరవ్వ గుడిసె ముందు కూర్చుని ఉంది. వాకిలి అలికి ముగ్గేసి ఉంది. కట్టుకున్నది ఉతికిన చీర, నుదుట పెట్టుకున్నది పెద్ద బొట్టు. పక్కన మూత పెట్టిన అన్నం గిన్నె. పొద్దుటి నుంచి అలాగే కూర్చుందని చూస్తేనే తెలుస్తోంది. మమ్మల్ని చూసి లేవబోయి, మోకాళ్లు పట్టేసి మళ్లీ కూలబడింది.

"అచ్చినవా వదినె! ఈయేడు మనూరికి దసరా లేదేమో అనుకున్న. జమ్మి రాకుండ ముద్ద దిగలే."

ఆ మాట విన్నప్పుడు నాకు నిజంగా సిగ్గేసింది. నా జడలో ఉన్నది ఆమె పండుగ. గబగబా దాన్ని పీకేసి గౌను మడతల్లో దాచాను. ఇద్దరు ముసలమ్మలూ ఒకరినొకరు పట్టుకుని చాలాసేపు వదల్లేదు. నేను ఆమె చేతిలో కొత్త కట్ట పెట్టి కాళ్లు మొక్కాను. తప్పు నాదని నేను చెప్పలేదు. బాపమ్మ కూడా చెప్పలేదు. కుమ్మరవ్వ జమ్మిని కళ్లకద్దుకుని, ఆ తరువాతే అన్నం మూత తీసింది.

అక్కణ్ణుంచి మొదలు ముప్పై అయిదు ఇండ్లు. తలుపు తీసినవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న, ఇందాకనే ఇచ్చింది కదా అని. బాపమ్మది కూడా ఒకటే జవాబు. "అది మా పిల్ల నంబర్లకిచ్చింది. గిది ఇండ్లకు."

నడుస్తున్నంతసేపూ ఆమె చెబుతూనే ఉంది. ఇది మంగలోళ్లిల్లు, దీని వెనక చింతచెట్టు. ఇది మీ పెద్దతాత ఇల్లు, వీళ్ల గోడకానుకుని సాకలోళ్లది, మధ్యలో చేదబావి. కాళ్ల కింద కంపెనీ సిమెంటు రోడ్డు ఉంటే, నా చెవుల్లో ఒక ఊరు లేస్తోంది. ఇరవయ్యో ఇంటి దగ్గర మైదానం వైపు పటాకులు పేలాయి. జనం కేకలు వేశారు. నేను ఒకసారి అటు తిరిగి చూశాను. తరువాత, బావి దాటినంక ఎవరిల్లని నేనే అడిగాను. బాపమ్మ నా చెయ్యి గట్టిగా నొక్కింది. ఆఖరి ఇంటి జమ్మి ఇచ్చేసరికి నాకు వరుసంతా నోటికొచ్చింది.

బాపమ్మ, కుమ్మరవ్వ ఇద్దరూ పోయి చాలా ఏళ్లయింది. పాత ఊరున్న చోట ఇప్పుడు బాయి నుంచి తీసి పోసిన మట్టి గుట్ట ఉంది. క్వార్టర్లలోవాళ్లు రిటైరై తలోచోట ఇండ్లు కట్టుకున్నారు. బాపమ్మ జమ్మి పిలకను నేను మా పెరట్లో పెంచుకున్నాను. ప్రతి దసరాకీ ఆటో మాట్లాడుకుని బయలుదేరుతాను. దూరాలు పోయినవాళ్ల కట్టలు వాళ్ల చుట్టాలకిచ్చి పంపుతాను, కానీ వరుస మాత్రం తప్పనివ్వను. పిచ్చిదని నవ్వేవాళ్లు నవ్వుతారు. మా బాపమ్మను చూసి నవ్వినవాళ్ల మనవళ్లే కదా.

పోయిన దసరాకు నా మనవరాలు ఫోనులో అన్ని ఇండ్లూ గుర్తుపెట్టి, దగ్గరి దారి తీసి చూపించింది. దాని లెక్క ప్రకారం సగం పొద్దు మిగులుతుందట. ఆ ముఖంలో మురిపెం చూస్తే నన్ను నేనే చూసుకున్నట్టైంది. కోపం రాలేదు. ఫోను తీసి పక్కన పెట్టి, మనవరాలి పక్కన ఆటోలో కూర్చున్నాను. కుమ్మరవ్వ తమ్ముడి మనవడు పవర్‌హౌజ్ అవతల రేకుల షెడ్డులో కిరాయికుంటాడు, అన్ని ఇండ్ల కంటే దూరం. ఆటో అబ్బాయి ముందు ఎటు పోవాలమ్మా అన్నాడు. నా కళ్లకూ ఇప్పుడు పొరలొచ్చాయి, కానీ ఆ దారికి నాకు కళ్లతో పని లేదు. ముందు కుమ్మరోళ్ల ఇంటికి పోనియ్యమన్నాను.