నర్సమ్మ కారు, నా నోరు

నిన్న పొద్దున అంగడి షట్టర్ ఎత్తుతూ ఉండగానే తెల్లటి పొగ లోపలికొచ్చింది. మదనపల్లెలో బండ్ల స్పేర్ పార్టుల అంగట్లో నేను కౌంటర్ దగ్గర కూర్చుంటాను. బయట ఒక పాత డీజిల్ కారు ఆగి వణుకుతూ ఉంది. చలికాలం పొద్దున సరిగ్గా వేడెక్కని డీజిల్ ఇంజన్ వదిలే పొగ కళ్లు మండిస్తుంది, గొంతులో చేదుగా తగులుతుంది. అందరూ ముక్కు మూసుకుంటారు. నేను మాత్రం కాసేపు పీల్చుకుంటాను. కారాయన దిగి వచ్చి, "అక్కా, బండి సప్పుడు చేస్తాండాది" అన్నాడు. "ఎట్లాంటి సప్పుడప్పా?" అని అడిగాను. ఆ ప్రశ్న నాది కాదు. పుంగనూరు నర్సమ్మది.

ఆమె అసలు పేరు ఈశ్వరమ్మ. చౌడేపల్లె చుట్టుపక్కల పల్లెల్లో గవర్నమెంటు నర్సుగా తిరిగి రిటైరైంది కాబట్టి అందరికీ నర్సమ్మే. పుంగనూరులో ఆమె ఇంటి వెనక గదిలో అమ్మా నేనూ బాడుగకు ఉండేవాళ్లం. ఇంటర్ తప్పి నేను ఇంట్లోనే ఉన్నాను. నాకొక జబ్బు ఉంది, నోరు ఊరుకోదు. బళ్లో నన్ను బెంచీ ఎక్కించింది ఈ నోరే, టైలరింగ్ షాపులో పని పోగొట్టిందీ ఈ నోరే. "గమ్మునుండవే" అన్నది మా అమ్మ నాకు పెట్టిన రెండో పేరు.

నర్సమ్మకు చాలా పాత డీజిల్ కారు ఒకటి ఉండేది. భర్త చిన్న వయసులోనే పోయాడు, పిల్లల్లేరు. ఉద్యోగంలో ఉండగా సెకండ్ హ్యాండులో కొనుక్కుని, దాని పనులన్నీ ఇంటి ముందే తనే చేసుకునేది. కొంగు నడుముకు దోపి బానెట్ ఎత్తిందంటే వీధిలో పోయేవాళ్లు ఆగి చూసి పోయేవాళ్లు. ఒకరోజు నేను పంపు దగ్గర బిందె కడుగుతుంటే, ఆమె నడుస్తున్న ఇంజన్ మీద ఒక చిన్న అల్యూమినియం గొట్టం ఆనించి, రెండో కొసకు చెవి పెట్టి వింటోంది. కడుపుతో ఉన్నవాళ్ల పొట్ట మీద పెట్టి లోపలి బిడ్డ గుండె చప్పుడు వినే గొట్టం అది. నాకు నవ్వాగలేదు. "ఏం నర్సమ్మా, కారుకి ఎన్నో నెల?" అని అరిచాను.

ఆమె నవ్వలేదు. గొట్టం తెచ్చి నా చేతిలో పెట్టింది. "మే, నీకి చెవులు బాగుండాయి కదా. విని చెప్పు."

విన్నాను. "సప్పుడు వస్తాంది" అన్నాను.

"సప్పుడంటే సాలదు. ఎట్లాంటి సప్పుడు? పల్లెల్లో ఆడోళ్లు నొప్పి అంటారు. నొప్పి అంటే నేనేం జేసేది? పొడిసినట్లా, పిండినట్లా, యాడ మొదులై యాడికి పోతాంది? అవన్నీ అడగాల. బండి నోరు లేనిది. నీకుంది గదా, చెప్పు."

అప్పుడు మొదలుపెట్టాను. వేడి పెనం మీద నీళ్లు చల్లినట్టుందని, దాని మధ్యలో మా అవ్వ పళ్లు లేకుండా మురుకు నములుతున్నట్టు ఒకటి వస్తోందని, నాలుగు దెబ్బలు పడాల్సిన చోట మూడే పడి ఒకటి తప్పిపోతోందని. ఆమె నా పెదాలనే చూస్తూ నిలబడింది. తర్వాత ఇంజన్ నడుస్తుండగానే పాత చీర గుడ్డ కప్పి, డీజిల్ పోయే సన్నపైపుల నట్లు ఒక్కొక్కటే కాస్త వదులు చేసి మళ్లీ బిగించింది. "ఇప్పుడు మారిందా?" అని ప్రతిసారీ అడిగింది. వదులు చేస్తే చప్పుడు ఇంకా కుంటుపడాలట. ఏది వదులు చేస్తే మారదో, ఆ సిలిండర్ ముందే పనిచేయడం లేదన్నమాట. మూడో దానికి మారలేదు. చెప్పాను. నా భుజం మీద ఒక్క దెబ్బ వేసింది. మాట్లాడినందుకు నాకు దొరికిన మొదటి మెప్పు అదే.

అప్పుడే తెలిసింది, ఆమెకు చెవులు పోతున్నాయని. ఎదురుగా నిలబడి గట్టిగా మాట్లాడితే వినపడేది. వెనకనుంచి వచ్చేవీ, సన్నటివీ పోయాయి. "కుప్పంలో మా తమ్ముడు రెడ్డెప్ప ఉండాడే, వాడికి తెలీకూడదు" అంది. "వాడు మంచోడే. తెలిస్తే ఆ మంచితనంతోనే బండి అమ్మేస్తాడు. బండి పోతే నేను యాడికి పోవాలన్నా ఎవురో ఒకర్ని అడుక్కోవాల. ఇన్నేండ్లూ అడగల్యా మే."

ఆ రహస్యం మోయడం నాలాంటిదానికి ఎంత కష్టమో ఎవరికి చెప్పను. అయినా మోశాను. ఫిల్టర్ అడుగున చేరిన నీళ్లు వదలడం, పైపుల్లో గాలి చేరితే చేతి పంపు నొక్కి బుడగలు ఆగేదాకా తీయడం, చలికి ఇంజన్‌ను ముందుగా వేడిచేసే హీటర్ లైటు ఆరేదాకా తాళం పూర్తిగా తిప్పకుండా ఆగడం నేర్చుకున్నాను. ఆగడమే నాకు అన్నింటికన్నా ఆలస్యంగా వచ్చింది. డ్రైవింగూ ఆమే నేర్పి లైసెన్సు తీయించింది. ఊరు దాటి మాత్రం నడపనిచ్చేది కాదు.

ఒకసారి రెడ్డెప్ప ఇంట్లో గృహప్రవేశానికని ఇద్దరం కుప్పం బయలుదేరాం. ఆమే నడుపుతోంది. ఒక మలుపులో వెనకనుంచి లారీ హారన్ మీద హారన్ కొడుతూ వచ్చింది. ఆమె అదే సమయంలో కుడికి తిప్పబోయింది. నేను అరిస్తే వినపడలేదు. స్టీరింగ్ పట్టి ఎడమకు లాగాను. లారీ మా అద్దాన్ని రాసుకుంటూ పోయింది. కారు మట్టిలో దిగి ఆగింది. ఆమె పగిలిన అద్దం చూసి నా వైపు తిరిగింది. "హారన్ కొట్టినాడా?" అంది. "కొట్టినాడు నర్సమ్మా." "శానాసేపా?" నేను తలూపాను. కుప్పం దాకా నిదానంగా నడిపింది.

పగిలిన అద్దం చూసి రెడ్డెప్పకు అనుమానం వచ్చింది. ఇంజన్ ఆపనీయకుండా బానెట్ ఎత్తాడు. "అక్కా, ఇంజన్ సప్పుడు బాగుండాదా? నువ్వే చెప్పు సూద్దాం" అన్నాడు, ఆమెకు ఎదురుగా నిలబడి గట్టిగా. ఆమె వెనక నిలబడ్డ నేను గబగబా ఆమె వీపు మీద వేలితో ఇంజన్ దెబ్బలు వాయించాను. నాలుగూ సరిగ్గా పడుతున్నాయని అర్థం. ఆమె చెయ్యి వెనక్కి పెట్టి నా వేలు పట్టుకుని ఆపింది.

"నాకు వినపడదు రెడ్డెప్పా. శానా దినాలాయ. ఈ పొద్దు ఈ బిడ్డను సంపబోయినా."

"నేను అప్పుడే అనుకున్యా. ఇంక బండి అమ్మేద్దామక్కా."

"బండి అమ్మను. నేను నడపను. ఇది నడుపుతాది."

"ఈ పిల్లా? వచ్చినప్పటినుంచీ నోరు ముయ్యల్యా ఇది."

"నాకి ఆ నోరే గావాల్రా" అని తాళం నా చేతిలో పెట్టింది. ఆ చెయ్యి వెంటనే వెనక్కి పోలేదు. తాళం మీద, నా అరచేతి మీద కాసేపు అట్లాగే ఉంది.

తిరుగుదారిలో ఆమె మొదటిసారి పక్క సీట్లో కూర్చుంది. పలమనేరు దాటాక నా వైపు తిరిగి, "ఇప్పుడెట్లుండాది సప్పుడు?" అంది. చెప్పాను. ఇంజన్ గురించి చెప్పాను, ఎదురొచ్చే బస్సు హారన్ గురించి, టైరు కింద కంకర గురించి, గొర్రెల మంద గురించి, వాటి వెనక కాపరి వేసిన కేక గురించి, పుంగనూరు వచ్చేదాకా అరుస్తూ చెప్తూనే ఉన్నాను. ఆమె కళ్లు తుడుచుకుంటూ, "ఇంకా?" అంది.

ఆమె పోయాక రెడ్డెప్పే వచ్చి కారు తాళం మా అమ్మ చేతిలో పెట్టాడు. "మా అక్క చెప్పి పోయింది. ఇంకెవురికిచ్చినా ఈ బండి మాట వినేవాళ్లు లేరు" అన్నాడు. అల్యూమినియం గొట్టం కూడా సీటు కిందే ఉంది.

నిన్నటి కారాయన మొదట "ఊరికే సప్పుడక్కా" అన్నాడు. తొందరలేదు, చెప్పప్పా అన్నాను. ఆయన సిగ్గుపడుతూ నోటితో చప్పుడు చేసి చూపించాడు. మూడు దెబ్బలు పడి ఒకటి తప్పింది. సాయంత్రం అంగడి మూసి నర్సమ్మ కారులో పుంగనూరుకు బయలుదేరుతూ, హీటర్ లైటు ఆరేదాకా ఆగి తాళం తిప్పాను. ఊరు దాటాక, పక్క సీటు వైపు కొంచెం తిరిగి, "నాలుగూ బాగా పడతాండాయి నర్సమ్మా" అని గట్టిగా చెప్పి, దారిలో వినపడేవన్నీ ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయాను.