డాక్టరుగారు చెబుతారండి

ఆమె పనిచేసే ఎక్స్‌రే వ్యాను రోజుకో చోట ఆగుతుంది. ఒకరోజు ఫ్యాక్టరీ గేటు ముందు, మర్నాడు వృద్ధాశ్రమం వెనక. ఎక్కడ ఆగినా ఆమె గది మాత్రం అదే. కిటికీ లేదు, చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి. కిరణాలు తగలకుండా వేసుకునే బరువైన సీసపు ఏప్రను పదకొండేళ్లుగా మోసి భుజాలు కాస్త ముందుకు వంగాయి. వచ్చినవాళ్లను గడ్డం పైకెత్తమంటుంది, గాలి పీల్చి బిగబట్టమంటుంది, మీట నొక్కుతుంది. తెరమీద బొమ్మను అందరికంటే ముందు చూసేది ఆమే. చూసింది చెప్పే అధికారం మాత్రం ఆమెకు లేదు. ఎవరడిగినా "డాక్టరుగారు చెబుతారండి" అంటుంది. ఆ మాట అనీ అనీ, కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినా నీళ్లు నములుతోందని భర్త ఎగతాళి చేస్తాడు.

మొన్న వ్యాను నూలు మిల్లు దగ్గర ఆగింది. అక్కడే పనిచేసే ఆమె అక్క కూడా వరసలో నిలబడింది. నెలరోజులుగా దగ్గు తగ్గడం లేదు. "నీ చేతులింత చల్లగా ఉన్నాయేంటే!" అని నవ్వుతూ ఎక్స్‌రే పలకకు ఆనుకుంది. తెరమీద కుడి ఊపిరితిత్తిలో నిమ్మకాయంత తెల్లటి మచ్చ కనబడింది.

"ఏమైనా ఉందా?" అంది అక్క.

"డాక్టరుగారు చెబుతారండి."

పుట్టి బుద్ధెరిగాక అక్కను "అండి" అనడం అదే మొదలు. అక్క ఆమె ముఖంలోకి కాసేపు చూసింది. బయట ఎవరో తలుపు తట్టారు. అక్క యూనిఫాం గుండీలు పెట్టుకుని, "నువ్వేం చెప్పలేదులే. ఎవరడిగినా నేనూ అదే అంటా" అని చెల్లెలి చెంప తట్టి మెట్లు దిగిపోయింది. వరసలో ఇంకా నలభైమంది ఉన్నారు. ఆమె తరువాతి మనిషిని పిలిచి, గడ్డం పైకెత్తమంది.