పిడుగురాయికి నేను కాసిన కాపలా

నాకు టీ వద్దండీ. మీరు కానివ్వండి. అల్లం టీ అయితే అసలొద్దు, ఆ గ్లాసు కాస్త అటు జరపండి! ఎందుకంటారా? పోయిన ఆదివారం మా తవ్వకాల దగ్గర ఏం జరిగిందో వింటే మీకే తెలుస్తుంది. ఊరు ఊరంతటినీ అనుమానించాను. గేదెను కూడా వదల్లేదు. చివరికి తేలిన దొంగ ఎవరో చెబితే నవ్వుతారు. నవ్వండి, పర్లేదు. ఊళ్లో అందరూ నవ్వేశారు, మీరే మిగిలారు.

నేను పొదిలి అవతల పాటిదిబ్బ తవ్వే చోట సైట్ అసిస్టెంట్‌ని కదా. కొత్తరాతియుగం వాళ్లు, అంటే ఇనుమంటే ఏంటో తెలియని రోజుల్లో రాళ్లు నూరి పనిముట్లు చేసుకున్నవాళ్లు, కాపురం ఉన్న చోటు అది. ఊరివాళ్లకి మాత్రం ఎరువు దిబ్బ. ఆ పాటిమన్ను ట్రాక్టర్లకెత్తి మిరప చేలకి తోలుకోవడమే వాళ్లకి తెలుసు. అలాంటి దిబ్బని మేమొచ్చి బ్రష్షులతో ఊడుస్తుంటే వాళ్లకి ఒకటే అనుమానం. లంకెబిందెలు!

"అంత చదువుకున్న మేడమ్ ఇంత ఎండలో కుండపెంకుల కోసం కూర్చుంటదా? మనకి చెప్పరు గానీ..." అని, తవ్వకాలు నడిపించే మా మేడమ్ గురించి నా మొహం మీదే అనేవాళ్లు.

ఈలోగా ఒక గొడ్డలి దొరికింది. రాతిది. నల్లగా, నున్నగా, అరచేతిలో ఇమిడేంత. ఊరివాళ్లు చూడగానే "పిడుగురాయి!" అన్నారు. పిడుగు పడ్డ చోట నేలలో అలాంటి రాయి పుడుతుందని నమ్మకం. పశువు మేత మానేస్తే ఆ రాయిని నీళ్లలో వేసి, ఆ నీళ్లు తాగిస్తారు. సాయంత్రానికల్లా ఇంకో మాట పుట్టింది. "పట్నం తీసుకుపోయి అమ్ముకుంటారంట!"

నాకు ఒళ్లు మండింది. "మేడమ్, ఒక ఆదివారం అన్నీ బయటపెట్టి ఊరందరికీ చూపిద్దాం. గొడ్డలి కూడా!" అన్నాను.

ఆవిడ చాలాసేపు ఆలోచించి ఒప్పుకున్నారు. "గొడ్డలి నీ పూచీ మస్తాన్. అది పోయిందంటే ఈ ఊళ్లో మన మాట ఎవరూ నమ్మరు. ఆ తర్వాత నిన్ను నేనూ నమ్మను" అన్నారు.

ఆ మాట పడ్డాక ఇక నాకు ప్రతి మనిషీ దొంగలాగే కనిపించాడు.

అందరికంటే ఎక్కువ అనుమానం కోటయ్య బాబాయ్ మీద. మేం తవ్వేది ఆయన చేలోనే. ఆ వారంలో మూడుసార్లు అడిగాడు. "ఏరా మస్తానూ, ఆ రాయి ఎక్కడ పెడతన్నారు? అద్దాల పెట్టెకి తాళం ఉందా? తాళంచెవి ఎవరి దగ్గరుంటది?" ఇవన్నీ ఆయనకెందుకండీ? పైగా ఆయన గేదె మేత ముట్టడం లేదని ఊరందరికీ తెలుసు. మేత ముట్టని గేదె, పిడుగురాయి, తాళంచెవి. కలిపి చూసుకోండి! నేను కలిపేశాను.

అప్పుడు వచ్చింది నా బుర్రకి ఒక ఐడియా. పిల్లలు చేత్తో పట్టుకుని చూడ్డానికని మార్టూరులో ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో అచ్చం అలాంటిదే నకలు గొడ్డలి చేయించాం. ఆదివారం పొద్దున్నే ఎవరూ రాకముందు ఆ నకలుని అద్దాల పెట్టెలో పెట్టి తాళం వేశాను. పిల్లలకి "నకలు ఇంకా మార్టూరు నుంచి రాలేదమ్మా" అని చెప్పాను. మరి అసలుది? ఎవరికీ అనుమానం రాని చోట దాచాను. మా హుస్సేనమ్మ పిన్ని సైట్ దగ్గర టీ పెడుతుంది. ఆవిడ టీ సామాను పెట్టుకునే అట్టపెట్టెలో, అడుగున, గోనెగుడ్డలో చుట్టి! పిన్నికి చెప్పలేదు. పిన్నికి పొద్దున ఒక మాట చెబితే మధ్యాహ్నానికి పొదిలి బస్టాండ్‌లో వినపడుతుంది. మేడమ్‌కి కూడా చెప్పలేదు. గొప్పగా కాపాడి, సాయంత్రం చెబుదామనుకున్నాను.

తొమ్మిదింటికే జనం. మిరపకాయ కోతలు మానుకుని మరీ వచ్చారు. నేను నకలు పక్కన తుపాకీ లేని పోలీసులాగా నిలబడ్డాను. ఎవరు వంగినా "వెనక్కి, వెనక్కి!" ఎవరు దగ్గినా తిరిగి చూడ్డమే. మధ్యమధ్యలో పిన్ని టీ పంపిస్తోంది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ రోజు టీ అదిరిపోయింది. అల్లం ఘాటు నషాళానికి అంటుతోంది!

"పిన్నీ, ఇవాళ టీలో ఏం వేశావే?" అని అరిచాను.

"అల్లం బాగా నలిగిందిరా!" అంది పిన్ని. ఇంకో గ్లాసు తాగాను. ఆ తర్వాత ఇంకోటి.

పదిన్నరకి కోటయ్య బాబాయ్ వచ్చాడు. చంకలో ఏదో తువ్వాల్లో చుట్టి పెట్టుకున్నాడు. పెట్టె దగ్గర వంగి చాలాసేపు చూశాడు. తర్వాత నన్ను చూశాడు. మళ్లీ రాయిని చూశాడు. "ఇది మార్టూరు రాయి కదరా?" అన్నాడు, మెల్లగా.

ఈయనకెలా తెలుసు? ఇది నకలని తెలిసిందంటే అసలుది ఎక్కడుందో కూడా తెలిసే ఉండాలి! నేను నోరు తెరిచేలోపే ఆయన తువ్వాలు గట్టిగా చంకలో బిగించి చరచరా ఇంటిదారి పట్టాడు.

నేను పిన్ని అట్టపెట్టె దగ్గరికి ఉరికాను. చేయి పెట్టాను. గోనెగుడ్డ ఉంది, గొడ్డలి లేదు!

"పిన్నీ, కోటయ్య బాబాయ్ ఇటు వచ్చాడా?"

"వచ్చాడు, టీ తాగాడు, పోయాడు. ఏరా, అట్టా చెమటలు పడుతున్నాయి?"

ఆగలేదు నేను. పరుగు! బాబాయ్ కొట్టం దగ్గరికి వెళ్లేసరికి గేదె ఎదురుగా నిండు కుడితి తొట్టి. నీళ్లలో వేసే ఉంటాడు. చొక్కా చేతులు మడిచి, భుజం దాకా తొట్టిలో పెట్టి దేవాను. తవుడు తగిలింది. కూరగాయ తొక్కలు తగిలాయి. ఏదో మెత్తగా తగిలింది, అదేంటో నన్నడగొద్దు. గేదె నా చెవి నాకింది.

"ఏరా మస్తానూ, పిన్ని టీ చాల్లేదా?"

వెనక కోటయ్య బాబాయ్. నేను తొట్టిలోంచి చేయి తీయకుండానే "రాయి ఎక్కడ బాబాయ్?" అన్నాను.

"ఏ రాయి? ఇదా?" అని తువ్వాలు విప్పాడు. లోపల పిడుగురాయి! కానీ మాది కాదు. దీని రంగు కాస్త బూడిదగా ఉంది, ఒక మూల పాత పసుపు మరక.

"మా నాయనకి ఈ దిబ్బలోనే దొరికింది. మీ పెట్టెలో దాని పక్కన పెడదామని తెచ్చా. అందుకే తాళం సంగతి అడిగింది. తీరా చూస్తే లోపల మిషను మెరుపున్న మార్టూరు రాయి! అసలుది అమ్మేసుకున్నారు, నాది కూడా ఇస్తే అదీ అమ్ముకుంటారని ఎనక్కి తెచ్చుకున్నా. మా గేదెకంటావా, డాక్టరు సూదేశాడు, మొన్నటి నుంచి బ్రహ్మాండంగా తింటంది. నువ్వు చెయ్యి తీస్తే ఇప్పుడు కూడా తింటది."

సిగ్గుతో చచ్చిపోయాను. వారం రోజులుగా నేను దొంగని అనుకున్న మనిషి ఇవ్వడానికి వచ్చాడు. జరిగిందంతా చెప్పేశాను. "మరి అసలుదేదిరా?" అన్నాడు బాబాయ్. ఇద్దరం పరిగెత్తాం.

వెళ్లేసరికి మేడమ్ పొదిలి నుంచి వచ్చేశారు. అద్దాల పెట్టె ముందు నిలబడ్డారు. చుట్టూ ఊరు.

"మస్తాన్, ఇది నకలు. మనది ఏది?"

జనంలో గుసగుస మొదలైంది. "చెప్పలా? అమ్మేశారని చెప్పలా?" నా చేతి నుంచి కుడితి కారుతోంది. అంత మందిలో కూడా ఒక చప్పుడు మాత్రం స్పష్టంగా వినబడుతోంది. టక్. టక్. టక్.

అందరం తిరిగి చూశాం. పిన్ని ఒక బండ మీద అల్లం పెట్టి దంచుతోంది. చేతిలో నల్లగా, నున్నగా...

"పిన్నీ!!"

"అరవబాకరా! మా రోకలి ఇంట్లో మర్చిపోయా. అట్టపెట్టెలో ఈ రాయి కనపడింది, నువ్వే తెచ్చిపెట్టావేమో అనుకున్నా. ఎంత బాగా నలుగుద్దో! ఇట్టాంటిది ఇంకోటుంటే చూడు నాయనా."

ఊరు ఊరంతా గొల్లుమంది. మేడమ్ గొడ్డలి అందుకుని అంచు అంతా తిప్పి తిప్పి చూశారు. నేను కళ్లు మూసుకున్నాను.

"పెచ్చు లేవలేదు" అన్నారు చివరికి. "కానీ మస్తాన్, దీంతో ఏం కోశారో, ఏం నూరారో ల్యాబ్‌కి పంపి చూద్దామనుకున్నాను. ఇప్పుడు పంపితే ఇక్కడ రాతియుగంలోనే అల్లం టీ తాగారని రిపోర్ట్ వస్తుంది!"

కోటయ్య బాబాయ్ నవ్వుతూనే తన రాయి తీసి మేడమ్ చేతిలో పెట్టాడు. "ఇదీ పెట్టండమ్మా పెట్టెలో. కానీ తాళంచెవి మాత్రం వాడికివ్వొద్దు."

ఇవ్వలేదు కూడా. ఇప్పుడు తాళంచెవి మా పిన్ని కొంగుకి ఉంటుంది. వచ్చినవాళ్లకి రాళ్ల గురించి చెప్పేది కోటయ్య బాబాయ్. నాకు కూడా ఒక డ్యూటీ ఇచ్చారు లెండి. రోజుకి రెండు పూటలా అల్లం దంచుతున్నాను. మార్టూరు రాయితో. అది కూడా మేడమ్ కళ్లెదుట కూర్చుని!