పెద్దమ్మ పాస్ చేసిన కాఫీ మిషన్

మా పెద్దమ్మ దేన్నీ ఊరికే కొనదు. ముందు దాన్ని వేలి కణుపుతో కొడుతుంది, చెవి పెట్టి వింటుంది, తలకిందులు చేస్తుంది, ఆ తర్వాత పెదవి విరుస్తుంది. ప్రెషర్ కుక్కర్ల ఫ్యాక్టరీలో చివరి బల్ల ఆవిడది. అన్ని బల్లలూ దాటి వచ్చిన కుక్కర్‌ని ఆఖరిసారి చూసి, బాగుంటే అడుగున సుద్దతో టిక్కు పెట్టి పంపడం ఆవిడ ఉద్యోగం. ముప్పై ఏళ్ళు ఆ పని చేసి రిటైరైంది గానీ, ఆ చెయ్యి మాత్రం రిటైరవలేదు. వాళ్ళింట్లో ఇప్పటికీ సోఫా లేదు, ఎందుకంటే ఏ సోఫా పాసవలేదు. మరి పెదనాన్నని ఎలా పాస్ చేశావని ఎవరైనా అడిగితే, ఆవిడ కన్నా ముందు ఆయనే జవాబు చెప్తాడు: "అప్పటికింకా ఆవిడ ఉద్యోగంలో చేరలేదమ్మా, బతికిపోయాను."

మేమంతా ఒకే బిల్డింగులో ఉంటాం. పెద్దమ్మా పెదనాన్నా కింద, అమ్మా నేనూ రెండో అంతస్తులో. లిఫ్ట్ లేదు. సాయంత్రమయ్యేసరికి అమ్మ మెట్లు దిగేది, పెద్దమ్మ చెప్పులేసుకుని గుమ్మంలో సిద్ధంగా ఉండేది, ఇద్దరూ కలిసి వీధి చివర కాఫీ షాపుకి వెళ్ళేవాళ్ళు. చిన్న కప్పులో చిక్కటి ఎస్ప్రెసో, కిటికీ పక్క బల్ల, వీధిలో పోయేవాళ్ళ మీద తీరిగ్గా వ్యాఖ్యానం. అక్కచెల్లెళ్ళిద్దరికీ ఇంకే వినోదమూ అక్కర్లేకపోయింది. అలాంటిది అమ్మ మోకాలికి ఆపరేషన్ అయింది. అది కుదుటపడేలోగా కాఫీ షాపాయన కొట్టు మూసేసి, కూతురు నడిపే బేకరీలో సాయానికి వెళ్ళిపోయాడు.

అంతే, అమ్మ మెట్లు దిగడం మానేసింది. "దిగి ఎక్కడికెళ్ళాలే?" అంటుంది. వ్యాయామం చేయించడానికి ఇంటికొచ్చే ఫిజియోథెరపిస్టు గట్టిగానే చెప్పింది. రోజూ మెట్లు దిగి ఎక్కాలి, ఇప్పుడు వంచకపోతే ఆ కాలు అలాగే బిగుసుకుపోతుంది. అమ్మ బుద్ధిగా తలూపింది. ఆవిడ గుమ్మం దాటగానే కాలు స్టూలు మీద చాపుకుని, నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది. బతిమాలాను, అరిచాను, ఏడ్చాను కూడా. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఇంట్లో అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. కానీ ఆ రోజుల్లో నాది కోపం కాదు, భయం. మా అమ్మ ఇక కిటికీలోంచే వీధిని చూసే మనిషైపోతుందేమోనని భయం.

అప్పుడు పెద్దమ్మ పైకొచ్చి, నడుమ్మీద చెయ్యేసుకుని ప్రకటించింది.

"ఇదిగో, మా వంటింట్లో ఎస్ప్రెసో మిషన్ పెడుతున్నా. రోజూ సాయంత్రం కాఫీ అక్కడే. పైకి మాత్రం చుక్క రాదు. కావాలంటే నువ్వే దిగి రా."

"ముందు మిషన్ రానీ అక్కా, అప్పుడు చూద్దాం," అంది అమ్మ. మాట అలా అంది గానీ మొహం విప్పారింది. నేను చూశాను కదా! ఎగిరి గంతేసినంత పని చేశాను. ఆ మిషన్ కొనాల్సింది పెద్దమ్మేనన్న సంగతి ఆ సంబరంలో మర్చిపోయాను.

మొదటి షాపులో మొదటి మిషన్ తళతళలాడిపోతోంది. "ఫుల్ స్టీల్ మేడం," అన్నాడు షాపాయన. పెద్దమ్మ కణుపుతో టక్కున కొట్టింది. "ప్లాస్టిక్కుకి పూతేశారు. పైన పటారం, లోన లొటారం," అని పక్కదాని దగ్గరికి జరిగింది. ఆ పక్కది బరువు. బరువుంటే గట్టిదే కదా అని నాకు నచ్చింది. పెద్దమ్మ దాన్ని కాస్త ఎత్తి చూసి, అనుమానంగా మొహం పెట్టి, "పట్టుకోవే" అంటూ తలకిందులు చేసేసింది. వెనక ట్యాంకులో నీళ్ళున్నాయని మేమెవరం చూసుకోలేదు. అవన్నీ వెళ్ళి షాపాయన ప్యాంటు మీద పడ్డాయి. ఆయన గెంతుతున్నాడు, నేను క్షమాపణలు చెప్పుకుంటున్నాను, ఈవిడ మాత్రం మిషన్ అడుగున వేలు పెట్టి చూపిస్తోంది.

"చూశావా, ఇనప పలక బిగించారు. ఇది మిషన్ బరువు కాదే, బరువు కోసం పెట్టిన బరువు!"

ఇక ఆ షాపు గడప తొక్కే మొహం మాకు లేదు. నా సెలవులన్నీ మిగతా షాపుల పాలయ్యాయి. ఒకచోట ఆవిరి వదిలే నాబ్‌కి హద్దూ పద్దూ లేదు, ఎంత తిప్పితే అంత తిరుగుతుంది. ఫెయిల్. ఇంకోచోట మిషన్ పనిచేస్తుంటే, దాని నెత్తిన పెట్టిన కప్పు తనంతట తానే నడుచుకుంటూ అంచుకొచ్చేసింది. అదీ ఫెయిల్. మరోదాని మూత సందులో పెద్దమ్మ గోరు దూరింది. గోరు దూరిన చోట మురికీ దూరుతుందట.

"కోడిగుడ్డుకి ఈకలు పీకుతున్నావు పెద్దమ్మా!" అని కసిరాను.

"ఈక కనబడితే పీకనా మరి?" అంది తాపీగా.

చివరికి ఒక చిన్న షాపులో, ఒక మూల, హంగూ ఆర్భాటం లేని మిషన్ ఒకటి దొరికింది. పెద్దమ్మ కొట్టింది. చప్పుడు నిండుగా వచ్చింది. తలకిందులు చేయబోతుంటే ఈసారి ముందే ట్యాంకు లాగేశాను. అడుగున దొంగ బరువులేమీ లేవు. పొడి పోసి బిగించే పిడికి తల ఇత్తడిది. దాన్ని తగిలించి తిప్పితే, మధ్యకి రాకముందే, కాస్త ఎడంగా బిగుసుకుని ఆగిపోయింది.

"అయ్యో, ఇది తిన్నగా రాదా?" అన్నాను నీరుగారిపోయి.

"రాకూడదే పిచ్చిదానా. లోపల రబ్బరు కొత్తది. వాడేకొద్దీ అరిగి అదే మధ్యకొస్తుంది. ఇప్పుడే మధ్యకొచ్చేస్తే రేపు పక్కల్నుంచి కారుతుంది."

ఆవిడ గొంతులో మురిపెం విని నాకు ప్రాణం లేచొచ్చింది. షాపు నడిపే ఆవిడ పొడి వేసి స్విచ్చి నొక్కింది. కాఫీ సన్నటి ధారగా, చిక్కగా, నురగతో దిగింది. వాసనకి పక్కన టోస్టర్లు చూస్తున్నవాళ్ళు కూడా ఇటు తిరిగారు. అన్నీ బాగున్నాయి, కప్పు కింద ట్రే మాత్రం గలగలమంది. పెద్దమ్మ మొహం మాడిపోయింది.

"ట్రే మోగుతోంది."

"మోగితే మోగనీ! అది కాఫీ మిషనా, నీ కన్నకూతురా?"

"మోగేదాన్ని ఎలా పాస్ చేస్తానే?" అని, సంచి భుజానికి తగిలించుకుని బయటికి నడిచింది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషితో ఏం వాదిస్తాం?

నేను ధడధడా మెట్లెక్కి, తలుపు దఢాలున వేసి, అమ్మ ముందు కూలబడ్డాను. "మీ అక్క ఈ జన్మలో మిషన్ కొనదు. నువ్వు ఈ జన్మలో మెట్లు దిగవు. ఇద్దరి మధ్యా నా తలప్రాణం తోకకొస్తోంది!"

అమ్మ అంతా విని, ఒక్క మాట అడిగింది. "అక్క పక్కన ఎవరున్నారు?"

"నేనున్నాగా!"

"నువ్వు కాదే. రెండో మనిషి."

అప్పుడు చెప్పింది. ఫ్యాక్టరీలో ఆ చివరి బల్ల దగ్గర ఎప్పుడూ ఇద్దరుండేవారట. ఒకరు లోపం పట్టాలి. రెండోవాళ్ళు కుక్కర్‌ని ముట్టుకోకూడదు, ఊరికే అడగాలి. దీనివల్ల ఎవరికైనా దెబ్బ తగులుతుందా, వంట ఆగుతుందా? రెండింటికీ లేదనే జవాబొస్తేనే టిక్కు. లోపం పట్టినవాళ్ళు తమంతట తాము దేన్నీ పాస్ చేయడానికి లేదు, అది అక్కడి పద్ధతి. మా పెద్దమ్మ ఉద్యోగమంతా లోపం పట్టే మనిషిగానే చేసింది.

"అడిగేవాళ్ళు లేరు కాబట్టే వాళ్ళింట్లోకి సోఫా రాలేదు," అంది అమ్మ. "రోజూ కాఫీ తాగుతూ ఆ బల్ల కబుర్లే కదా చెప్పేది. ఇన్నాళ్ళూ నాకూ తట్టలేదు చూడు."

"అయితే నేనడుగుతాను."

"నువ్వు అడగవు, దెబ్బలాడతావు. నా చెప్పులేవి?"

ఒక చేత్తో రెయిలింగు, ఒక చేత్తో నా భుజం పట్టుకుని, మెట్టుకో తిట్టు చొప్పున అక్కని తిట్టుకుంటూ దిగింది. నేనూ నా తిట్లు కలిపాను. ఇద్దరం ఆ ఊపులోనే వెళ్ళి పెద్దమ్మ తలుపు బాదాం. తలుపు తీసిన పెద్దమ్మ నోరెళ్ళబెట్టింది.

"ఎలా దిగావే?"

అమ్మ వెనక్కి తిరిగి మెట్ల వైపు చూసింది. "దిగానా?" అంది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. పెదనాన్న లోపల్నుంచి కుర్చీ మోసుకొచ్చి అమ్మని కూర్చోబెట్టాడు.

"దిగేశావుగా, ఇంక మిషన్ ఎందుకు?" అంది పెద్దమ్మ, కళ్ళు తుడుచుకుంటూ.

"ఇవాళ నీ మీద కోపంతో దిగాను. రోజూ అంత కోపం ఎక్కణ్ణుంచి తేను? కాఫీ కావాలి. పద."

ఆటోలో ఆ చిన్న షాపుకే వెళ్ళి, అమ్మని మిషన్ ఎదురుగా కూర్చోబెట్టాం. పెద్దమ్మ మళ్ళీ మొదట్నుంచీ మొదలెట్టింది. కొట్టింది, వంచింది, పిడి బిగించింది, విప్పింది. స్విచ్చి నొక్కగానే ట్రే మళ్ళీ గలగలమంది.

"విన్నావా? మోగుతోంది."

అమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని, మిషన్‌ని ముట్టుకోకుండా అడిగింది. "దెబ్బ తగులుతుందా?"

పెద్దమ్మ ఆ గొంతుకి తలెత్తి చూసింది. "తగలదు," అంది.

"కాఫీ ఆగుతుందా?"

"ఆగదు."

"మరి?"

పెద్దమ్మ సంచిలో చెయ్యి పెట్టింది. డబ్బులకేమో అనుకున్నాను. చిన్న సుద్దముక్క బయటికొచ్చింది. రిటైరై ఇన్నేళ్ళైనా ఆ సంచిలో సుద్ద మోస్తోందని మాలో ఎవరికీ తెలియదు. మిషన్‌ని పక్కకి వంచి, అడుగున ఇంత పెద్ద టిక్కు పెట్టింది.

"మేడం, అది కొత్త మిషనండీ," అంది షాపావిడ కంగారుగా.

"అందుకే పెట్టాను," అంది పెద్దమ్మ. ఆ క్షణంలో మా పెద్దమ్మని అక్కడికక్కడే ముద్దు పెట్టుకోవాలనిపించింది, పెట్టుకున్నాను కూడా.

మర్నాడు సాయంత్రం అమ్మ దిగింది, ఈసారి తిట్లు లేకుండా. వంటింట్లో కుర్చీలో కూర్చుంటూ మూలిగింది. "పూర్తిగా వంగట్లేదక్కా. మెట్టు మెట్టుకీ టక్కుమంటోంది కూడా."

పెద్దమ్మ కింద కూర్చుని, అమ్మ మోకాలి మీద కణుపుతో మెల్లగా కొట్టి, చెవి ఆనించింది. "నిజమే, మోగుతోంది," అంది దిగులుగా.

మూల నిలబడి కప్పులు తుడుస్తున్న పెదనాన్న, ఏ వ్యవహారంలోనూ తలదూర్చని మనిషి, అక్కణ్ణుంచే అడిగాడు. "కాఫీ ఆగుతుందా?"

ముందు అమ్మ నవ్వింది. తర్వాత ఎవరు ఎవర్ని చూసి నవ్వుతున్నామో తెలియలేదు. పెద్దమ్మ కళ్ళ నీళ్ళతోనే సుద్ద తీసి, అమ్మ మోకాలి పట్టీ మీద టిక్కు పెట్టింది. అది చెరిగిపోతుందని అమ్మ వారం దాకా ఆ పట్టీ ఉతకనివ్వలేదు.

ఆ కాలు ఇప్పుడు హాయిగా వంగుతుంది. అక్కచెల్లెళ్ళు ఈమధ్య సోఫాలు చూసే పనిలో పడ్డారు, పెదనాన్న మాత్రం పెద్దగా ఆశ పెట్టుకోలేదు. ట్రే ఇంకా మోగుతూనే ఉంది. కింద ఒక అట్టముక్క పెడితే చాలు, ఆగిపోతుంది. ఒకసారి పెట్టబోయాను కూడా. అమ్మ నా చేతి మీద ఒక్కటిచ్చింది. మా వంటిల్లు సరిగ్గా వాళ్ళ వంటింటికి పైనే. సాయంత్రం కింద పెద్దమ్మ స్విచ్చి నొక్కగానే ఆ గలగల రెండంతస్తులెక్కి మా కిటికీలోకి వస్తుంది. అమ్మ చేతిలో పని అక్కడే వదిలేసి చెప్పులేసుకుంటుంది.