తాతయ్య జేబులో మేకులు

నా చిన్నప్పుడు మా తాతయ్యకు ఒక అల్యూమినియం పడవ ఉండేది. ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణ ఒడ్డున మిగతావాళ్లవన్నీ చెక్క పడవలే. మాది మాత్రం ఎండలో తళతళలాడుతూ, అప్పుడే తోమి పెట్టిన గిన్నెలా ఉండేది. వరదల్లో జనాన్ని చేరవేసి చేరవేసి అలిసిపోయిన ఆ పడవను వేలం వేస్తుంటే తాతయ్య పాడుకున్నాడు. అందులో పులుసు ఎప్పుడు కాస్తున్నారని ఊళ్లో కొందరు అడిగేవారు. వెనక మోటారు తగిలించాక అడగడం మానేశారు.

ఆ మోటారు నడిపేది మా చిన్నమావయ్య. తెల్లవారకముందే వలల దగ్గరికి వెళ్లి, పడిన చేపను తాజాగా బజారుకు చేర్చడం అతని పని. అతనికి తెలిసిన వేగం ఒక్కటే. అది తాతయ్యకు నచ్చేది కాదు.

పడవ వెనక భాగంలో బయటివైపు రేకు, లోపలివైపు మందపాటి చెక్క పలక ఉంటాయి. మోటారు బరువంతా ఆ పలకే మోస్తుంది. ఒక వానాకాలం చివర్లో మోటారు అటూ ఇటూ తల ఊపడం మొదలుపెట్టింది. మావయ్య పలకను వేలితో నొక్కితే, టీలో ముంచిన బిస్కెట్టులా లోపలికి పోయింది.

తాతయ్యకు కారణం వెతుక్కునే పని లేకపోయింది. కారణం లుంగీ కట్టుకుని ఎదురుగా నిలబడే ఉంది.

“నువ్వు తోలే స్పీడుకి ఇనుమైనా అరిగిపోద్దిరా. పలక మారుస్తా, మోటారు అమ్మేస్తా. నీకో తెడ్డు చేయించి పెడతా” అన్నాడు.

తెడ్డు వేసుకుంటూ వెళితే మావయ్య చేరేసరికి బజారు కట్టేస్తారు. ఇక మిగిలేది థర్మల్ ప్లాంటులో బూడిద ఎత్తే కూలిపని. ఇది ఇంట్లో అందరికీ తెలుసు. కొడుకు పక్షాన అమ్మమ్మ అన్నం మానేసింది. తాతయ్యకు వండిపెట్టడం మాత్రం మానలేదు.

మర్నాడు తాతయ్య మోటారు దించి, బోల్టులు విప్పి, పాత పలకను ఊడదీశాడు. నేను పక్కనే చతికిలబడి చూస్తున్నాను. పలక ముక్కలు ముక్కలుగా వచ్చింది. పై అంచున, మోటారు బిగించే చోటి పక్కనే, వరుసగా తుప్పు పట్టిన మేకులు. ఒక్కో మేకు చుట్టూ చెక్క నల్లగా కుళ్లిపోయి ఉంది. ఒకదానికి పసుపు దారం ఇంకా వేలాడుతోంది.

ఆ మేకులు నేను ఎరిగినవే. ఏటా దసరాకు అమ్మమ్మ మోటారుకు బొట్టు పెట్టి, బంతిపూల దండా నిమ్మకాయలూ తగిలించడానికి పలకకు ఒక మేకు కొట్టేది. పాత మేకుకు కొత్త దండ వేయకూడదన్నది ఆవిడ నియమం. మోటారుకు ఏ ఆపదా రాకూడదని కొట్టిన ఆ మేకుల సందుల్లోంచే నీళ్లు దిగాయి. ఆవిడ మొర దేవుడి దాకా చేరిందో లేదో గానీ, నీళ్లు మాత్రం చెక్క దాకా చేరాయి.

నేను నోరు తెరిచాను. తాతయ్య అది గమనించాడు.

“అమ్మడూ, లోపలికెళ్లి ఆ తారు డబ్బా పట్రా.”

తారు డబ్బా ఆయన మోకాలి పక్కనే ఉంది. అయినా నేను వెళ్లి, ఇంట్లో లేని డబ్బాను కాసేపు వెతికి తిరిగొచ్చాను. అప్పటికి మేకులు లేవు. ఆయన చొక్కా జేబు మాత్రం ఒక పక్కకు లాగేస్తోంది.

అమ్మమ్మ టీ తెచ్చి, ఎందుకు పోయిందంట అని అడిగింది. వేలం సరుకు, ఎన్నాళ్లుంటుంది అన్నాడు తాతయ్య.

“మరి పిల్లోణ్ణి అన్నావుగా?”

“అన్నాను” అన్నాడు.

మా ఇంట్లో అంతకు మించిన క్షమాపణ ఎవరూ ఎరగరు.

పాత ముక్కలను నేలమీద పేర్చి, ఆ ఆకారానికి కొత్త టేకు పలక కోశాడు. అంచులకూ బోల్టు రంధ్రాలకూ తారు పట్టించి బిగించాడు. ఆ తర్వాత గవర్నర్‌పేట కొట్లకు వెళ్లి ఒక స్టీలు కొక్కెం తెచ్చి, పలకను ముట్టకుండా, పక్కనున్న రేకు అంచుకు బిగించాడు. మోటారు తగిలించాక దాని పిడిని మావయ్య చేతికిచ్చాడు. “మెల్లగా పోనీ” అనబోయి, ఎందుకో మానేశాడు.

దసరా వచ్చింది. అమ్మమ్మ మేకూ సుత్తీ పట్టుకుని పడవెక్కింది. కొక్కెం చూసి ఆగిపోయింది.

“ఇదెందుకయ్యా?”

“తాడు కట్టుకోడానికి.”

మా పడవకు తాడు కట్టేది ముందువైపున. ఆ సంగతి అక్కడున్న మా ముగ్గురికీ తెలుసు. ఆవిడ కొక్కేన్ని కడిగి, పసుపు రాసి కొత్తదాన్ని చేసుకుని దండ వేసింది. మేకును కొంగున ముడేసుకుంది. ఆ పలక తాతయ్య కంటే ఎక్కువ కాలమే బతికింది. మోటారును ఎవరూ అమ్మలేదు.

తాతయ్య పోయిన చాలా ఏళ్లకు, ఒకసారి బియ్యం ఏరుతూ అమ్మమ్మ తనంతట తానే ఆ మాట ఎత్తింది.

“ఆ కొక్కెం తాడుకి కాదని నాకు తెలుసులేవే. మేకులకి చిరిగిన ఆ జేబు కుట్టింది నేనేగా.”

మరి తాతయ్యను అడగలేదేం అన్నాను.

“అంత కష్టపడి దాచుకున్నాడుగా” అంది.

ఇప్పటికీ అయినవాళ్ల తప్పు ఏదైనా నా కంటబడితే, ముందు దాన్ని జేబులో వేసుకుని, కొక్కెం ఎక్కడ బిగిస్తే బాగుంటుందా అని చూస్తాను. అన్నిసార్లూ కుదరదు. నా జేబులు కాస్త చిన్నవి.