మున్సిఫ్ గారు మగ్గం గుంటలో దిగిన దావా

1350 ఫసలీలో, అంటే 1940 చివర్లో, నేను నారాయణపేటలో మూడో దర్జా వకీలుని. నిజాం ఇలాకాలో రైలు డబ్బాలకున్నట్టే వకీళ్లకూ మూడు దర్జాలుండేవి. మూడో దర్జావాడికి వాదించడానికి సనదు ఉంటుంది గానీ అదాలతులో కుర్చీ ఉండదు, గోడకు ఆనుకుని నిలబడాలి. పెద్ద దావాలు పెద్దవాళ్లకు పోగా మిగిలినవే మాకు వచ్చేవి. అట్లా మిగిలి నా దగ్గరికి వచ్చింది నర్సప్ప హర్జానా దావా. హర్జానా అంటే నష్టపరిహారం.

నర్సప్ప నేతగాడు. సంత నుంచి నడిచి వస్తుంటే పల్లికాయ మూటల లారీ వెనక్కి నడిచి అతని కుడి పాదం మీదికెక్కింది. సర్కారు దవాఖానలో పాదం దక్కింది గానీ చీలమండ దగ్గర కట్టెలాగా బిగుసుకుపోయింది. లారీ యజమాని నలభై రూపాయలు చూపించి, కాగితం మీద వేలిముద్ర వెయ్యమన్నాడు. నర్సప్ప వేసేవాడే. వెయ్యనియ్యనిది అతని భార్య ఈరమ్మ. ఇంట్లో తినే నోళ్లు ఐదు. మగ్గం, నూలు రెండూ సావుకారువి. ఉగాది దాకా చూస్తాను, అప్పటికీ నెయ్యకపోతే మగ్గం ఇంకొకరికిస్తానని ఆయన ఖరాఖండిగా చెప్పిపోయాడు.

హర్జానా దావాలో మూడు పద్దులు రాయాలి. దవాఖానా ఖర్చు, మంచం మీద ఉన్నన్నాళ్లు పోయిన సంపాదన, ఇకమీదట పోబోయే సంపాదన. మూడోదే అసలు పద్దు. దాన్ని గట్టిగా రాయాలని నేను నా పాండిత్యమంతా ఒలకబోశాను. "ముద్దయీ ఎవరి జోలికీ పోనివాడు, పొద్దంతా ఇంట్లో కూర్చుని నేసుకునే సాధువు" అని ఉర్దూలో ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. మా అదాలతు భాషలో ముద్దయీ అంటే దావా వేసినవాడు, నేరం మోపబడ్డ ముద్దాయి కాదు. రాసి రెండుసార్లు చదువుకుని మురిసిపోయాను కూడా, సిగ్గులేకుండా.

పేషీ రోజున లారీ యజమాని వకీలు లేచాడు. ఆయన మొదటి దర్జా, కుర్చీ ఉన్నవాడు. నా వాక్యాన్ని నాకంటే రాగయుక్తంగా చదివాడు. కూర్చుని చేసే పనికి కాలెందుకు హుజూర్, చేతులు రెండూ నిక్షేపంగా ఉన్నాయి కదా అన్నాడు. హైదరాబాదు నుంచి కొత్తగా వచ్చిన మున్సిఫ్ గారు తలూపారు. ఆశ్చర్యమేమిటంటే నేనూ మనసులో తలూపాను! నేతగాళ్ల వీధి పక్కనే పుట్టి పెరిగినవాణ్ని. రోజూ వాకిట్లోంచి చూసిందేమిటి? నేతగాడి నడుము పైభాగం. కాళ్లు గుంటలో ఉంటాయి. అవి అక్కడ ఏం వెలగబెడుతున్నాయో ఏనాడైనా వంగి చూస్తేనా?

బయటికి రాగానే ఈరమ్మ నన్ను పట్టుకుంది.

"ఏం రాసినవ్ వకీల్ సాబ్? కాళ్లు తొక్కకుంటె పడుగు పోగులు విచ్చుకుంటయా? నువ్వు గట్టిన దోతి కాళ్లతోనే నేసిండ్రు, ఎర్కేనా?"

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అర్జీదావాలో ఒకసారి రాసింది ముద్దయీ ఒప్పుకున్నట్టే లెక్క, చెరపడానికి లేదు. మిగిలిన దారి ఒక్కటే. హాకిమును, అంటే మున్సిఫ్ గారినే, స్వయంగా వచ్చి చోటు చూడమని దరఖాస్తు పెట్టుకోవాలి. పెట్టాను. అది విచారణకు రావడానికే రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ ఈరమ్మ ఊళ్లో వాళ్లకు కూలికి నూలు కండెలు చుట్టి పొయ్యి వెలిగించింది.

చివరికి మున్సిఫ్ గారు షేర్వాణీతో, వెనక చప్రాసీతో, నర్సప్ప ఇంటికి వచ్చారు. లారీ తొక్కిననాడు ఆగిన చీర సగం నేత మీద మగ్గానికే ఉంది. ఈరమ్మ బూట్లు విప్పమంది. విప్పారు. గుంటలో దిగమంది. దిగారు. అడుగున తొక్కుడు చెక్కలు రెండు. ఎడమది తొక్కితే సగం పోగులు లేస్తాయి, కుడిది తొక్కితే మిగతా సగం. ఆ సందులోంచి నూలు కండె పెట్టిన నాడె పోవాలి.

"దొరా, కుడికాలు పైకి వట్టుకో. గిప్పుడు నెయ్యి."

ఆమె మాటలు నేను మున్సిఫ్ గారికి ఉర్దూలో చెబుతున్నాను. ఒక పేక, అంటే అడ్డపోగు, పడింది. రెండోది పడాలంటే కుడికాలు కావాలి. దొరవారు మెల్లగా దించబోయారు. ఈరమ్మ చేతిలోని వెదురు పుల్లతో మోకాలి మీద ఒక్కటి వేసింది. చప్రాసీ నోరు తెరిచాడు. మున్సిఫ్ గారు కాలు మళ్లీ పైకెత్తారు.

వెంట వచ్చిన మొదటి దర్జా వకీలు ఊరుకోలేదు. భార్యకు కాళ్లు బాగానే ఉన్నాయి, ఆమె నెయ్యవచ్చు, ఇంక నష్టమెక్కడ అన్నాడు.

"నేను మగ్గం మీద కూసుంటె కండెలెవరు సుడ్తరు? మీ అయ్య సుడ్తడా?"

"మీ అయ్య" అన్నదాన్ని "మరొక వ్యక్తి" అని తర్జుమా చేసి రికార్డుకెక్కించాను. ఈలోగా మున్సిఫ్ గారికి పట్టుదల పెరిగింది. సందు తెరుచుకోకముందే నాడెను బలంగా తోశారు. ఇరవై పోగుల పైనే పటపటా తెగిపోయాయి.

"లారీ నా మొగని కాలు దీసె, కచేరీ నా పడుగు దీసె!" అని ఈరమ్మ నెత్తి కొట్టుకుంది. "ఇద్దరి మీదా దావా ఎయ్యి వకీల్ సాబ్!"

ఇది నేను తర్జుమా చెయ్యలేదు. మున్సిఫ్ గారు అడగనూ లేదు. గుంటలోంచి పైకి రావడానికి ఆయనకు ఇద్దరు చెయ్యి పట్టాల్సి వచ్చింది.

ఉగాదికి నాలుగు రోజుల ముందు డిక్రీ అయింది. మొత్తం ఆరు వందల హాలీ రూపాయలు, అంటే నిజాం సిక్కా, అందులో ఎక్కువ భాగం మూడో పద్దు కిందే. తీర్పులో తెగిన పడుగు ఊసు లేదు. ఆ డబ్బుతో నర్సప్ప కూలికి ఒక నేతగాణ్ని కుదుర్చుకున్నాడు. తాను పక్కన కూర్చుని అంచు చూసేవాడు. మగ్గం ఆ ఇంట్లోనే ఉండిపోయింది.

నా ఫీజు ముప్ఫై రూపాయలు. ఈరమ్మ పద్దెనిమిది తెచ్చి బల్ల మీద పెట్టింది.

"అదాలతును మా ఇంటికి తోల్కొచ్చింది నువ్వే గద. తెగిన పడుగు పైసలు ఆరు రూపాయలు. నువ్వు 'కూసోని నేస్తడు' అని రాసినందుకు రెండు నెల్లు ఎక్కువ తిరిగినం. గవి ఇంకో ఆరు. గిగో, నీది నీకు."

తప్పు దొరుకుతుందేమోనని ఆమె లెక్క రెండుసార్లు చూశాను. దొరకలేదు. నేను అర్జీదావాలో రాసిన పద్దులకంటే అది పక్కాగా ఉంది. పద్దెనిమిదికి రసీదు రాసిచ్చాను.

తర్వాత ముప్ఫై ఏళ్లకు పైగా వకాలతు చేశాను, మొదటి దర్జా కుర్చీ కూడా ఎక్కాను. హర్జానా దావా ఏది వచ్చినా, ముందు ఆ మనిషి పని చేసే చోటికి పోయి, వంగి చూసి, ఆ తర్వాతే కలం పట్టాను. పోయిన సంపాదన రాయాలంటే అది ఏ అవయవంతో వచ్చేదో తెలియాలి. తెలియకుండా రాస్తే ఆ నష్టాన్ని వకీలే కట్టుకోవడం న్యాయం.