భూపాలపల్లిలో పావుగంట

"ఈయన మస్కట్‌లో సెలవు రోజుల్లో ఆట నేర్చుకున్నాడండీ," అని సెలక్షన్ కన్వీనర్ నన్ను నలుగురికీ పరిచయం చేశాడు. అప్పుడాయన సమోసా తింటున్నాడు. మీసానికి చట్నీ అంటుకుంది. నేను చెప్పలేదు.

ఆయన అన్నది అబద్ధమూ కాదు. జనగామ నుంచి పోయి మస్కట్‌లో గోదాము పని చేసిన తొమ్మిదేళ్లలో, తోటి ఫిలిప్పీన్స్ కార్మికులు నాకు బేస్‌బాల్ నేర్పారు. ఆడాను, కొత్తవాళ్లకు నేర్పాను, చివరికి అంపైర్‌గా నిలబడ్డాను. తిరిగొచ్చాక మహబూబాబాద్‌లో ఆడపిల్లల జట్టును తయారుచేశాను.

అందులో బంతి విసిరే పిచ్చర్ గూడూరు దర్జీ కూతురు. ఆ ఏడాది దాటితే ఆమెకు వయసు మించిపోతుంది. రాష్ట్ర జట్టులోకి వస్తేనే ఆటల కోటాలో డిగ్రీ సీటు. "మీరున్నరని పంపుతున్న సార్," అన్నాడు తండ్రి.

తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులవి. భూపాలపల్లిలో మా జట్టుకూ ఓ కోస్తా జట్టుకూ సెలక్షన్ మ్యాచ్. గ్రౌండ్‌లో సున్నం గీతలు గీయడానికి నేను ముందురోజే చేరాను. తెల్లారి బంద్. రావలసిన అంపైర్ రాలేదు. కన్వీనర్ అంపైర్ ముఖానికి పెట్టుకునే మాస్కు నా చేతికిచ్చాడు. రెండు రోజుల ముందే వచ్చి దిగిన కోస్తా జట్టు మేనేజర్ నవ్వాడు.

"మీ ఊరు, మీ పిల్లలు, మీ అంపైరు. ఇంక మేమెందుకండీ ఆడటం? గట్లనే గదా?"

ఆ చివరి మాటకు వాళ్ల బెంచీ అంతా నవ్వింది.

అప్పుడే దర్జీ కూతురు ఫోన్ చేసింది. "సార్, పరకాల కాడ బందోళ్లు ఆపిండ్రు. రోడ్డు మీదనే పొయ్యిలు పెట్టి వండుతుండ్రు. తినకుంటే ఇడుస్తలేరు. జర మ్యాచ్ ఆపుండ్రి."

"తినుండ్రి బిడ్డా, ఏం గాదు," అన్నాను.

మ్యాచ్ వేళ దాటి పావుగంటలో రాని జట్టు ఓడినట్టే. అది నియమం. పావుగంట అయింది. కన్వీనరే అన్నాడు, "బంద్ కదండీ, ఓ అరగంట చూద్దాం."

"చూస్తారు లెండి, సొంతవాళ్లు కదా," అన్నాడు మేనేజర్.

నేను చెయ్యెత్తాను. మహబూబాబాద్ ఓడిందని ప్రకటించాను.

ఇరవై నిమిషాలకు ట్రాలీ ఆటో వచ్చింది. పిల్లల చేతులకు ఇంకా పులిహోర పసుపుంది.

"అయిపోయిందని ఎవలన్నరు సార్?"

"నేనే."

ఆమె ఏడవలేదు. నేరుగా పోయి బంతి విసిరే చోట నిలబడింది. "కూసోండ్రి సార్, పట్టుండ్రి."

కూర్చున్నాను. ఒక్క బంతీ పక్కకు పోలేదు. గ్లవ్ లోపల అరచెయ్యి వాచింది. గురి తప్పలేదని అంపైర్ చెప్పే తీరుగా, ప్రతి బంతికీ "స్ట్రైక్" అని అరిచాను. సెలెక్టర్లు మాకు వీపు పెట్టి కుర్చీలు మడుస్తున్నారు.

"ఎందుకండీ గొంతు పాడుచేసుకుంటారు?" అన్నాడు కన్వీనర్.

తెలంగాణ వచ్చింది. ఆమెకు సీటు రాలేదు. ఆ మేనేజర్‌నూ కన్వీనర్‌నూ నేను క్షమించలేదు, క్షమించను. గూడూరు పోతే దర్జీ నాకు కుర్చీ వేసి చాయ్ తెప్పిస్తాడు. లోపల ఆమె కుట్టుమిషను నేను లేచేదాకా ఆగదు. ఆయన మీదా నాకు కోపమే. ఇన్నేళ్లలో నన్ను ఒక్కసారైనా తిట్టలేదు.